పిలవని పేరంటాలు

మా వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. మొన్న ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు తీసుకొచ్చి మా వరండాలో బల్ల మీద పెట్టారు.

“ఇది లేవట్లేదోయ్. అంటే, లేస్తుంది. కానీ లేవదు” అన్నారు.

ఇంకొకరైతే తికమకపడేవారేమో గానీ నాకు సంగతి ఇట్టే తెలిసిపోయింది. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది. కంపెనీ బొమ్మ వస్తుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. డెస్క్‌టాప్ కూడా కనిపిస్తుంది. కానీ ఏ ఐకాన్ నొక్కినా ఉలకదు, పలకదు. నీలం వలయం ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కొందరు పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోతారే, అలాగన్నమాట.

“మా ఆవిడ ఏమంటోందో తెలుసా? నా కంప్యూటర్ పనికి వచ్చేలోగా కుక్కర్ మూడు కూతలు పెట్టి చల్లారిపోతుందట. షాపువాడేమో దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి అంటాడు. ఏడెనిమిదేళ్లకే అయిపోతుందటోయ్?”

ఏ షాపని నేను అడగలేదు. “మీరు దాన్ని ముట్టుకోకండి మాస్టారూ. గడియారం, నోటు పుస్తకం తెండి చాలు” అన్నాను.

వైద్యానికి ముందు నాడి చూడాలి. నెమ్మదించిన మెషీన్ కనిపించగానే ఏదో ఒకటి తీసేయడానికి చేతులు దురద పెడతాయి. తీశాక కాస్త బాగున్నట్టే అనిపిస్తుంది. ఎంత బాగుపడింది, దేనివల్ల బాగుపడింది అంటే మాత్రం నీళ్లు నములుతాం. అందుకని నేను రెండు సమయాలు రాయిస్తాను. బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా ఒకటి. మనకు కావలసిన పని నిజంగా మొదలయ్యేదాకా రెండోది. కంపెనీలు ప్రకటనల్లో చెప్పుకునేది మొదటి లెక్క. మనం బతికేది రెండో లెక్కతో. మాస్టారి ల్యాప్‌టాప్‌కు మొదటిది 1 నిమిషం 50 సెకన్లు. వర్డ్ తెరుచుకుని అందులో ఒక అక్షరం పడేసరికి 6 నిమిషాల 20 సెకన్లు. మాస్టారు రెండు గళ్లు గీసి, తేదీ వేసి రాసుకున్నారు. లెక్కల మనిషి కదా, ఆ పుస్తకం చూస్తే ముచ్చటేసింది.

నాకీ అలవాటు డీటీపీ రోజుల్లో వచ్చింది. 1990ల నడుమ విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఎప్పుడైనా ఒక కవితా సంపుటి. ఒకే ఒక్క 486 మెషీన్, దానికో గుడ్డ ముసుగు. చెప్పులు గుమ్మం బయటే. స్విచ్ వేస్తే నల్ల తెర మీద మెమరీ తన్ను తాను లెక్కపెట్టుకునేది, తెల్లటి అంకెలు టకటకా పెరిగిపోతూ. ఫ్లాపీ లోపల మరిచిపోతే ఇది సిస్టమ్ డిస్క్ కాదు పొమ్మని మొరాయించేది. డాస్ లేవగానే ఏమేం మొదలవ్వాలో కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే రెండు చిన్న ఫైళ్లలో వరసగా, మామూలు అక్షరాల్లో రాసి ఉండేది. అక్కర్లేని వరస ముందు ‘రెమ్’ అని కొడితే అది నోరు మూసుకుని కూర్చునేది. ఇంట్లో ఎవరెవరున్నారో యజమానికి తెలిసిన రోజులవి.

ఇప్పుడా జాబితా ఒక్క చోట లేదు. కొంత రిజిస్ట్రీలో, కొంత స్టార్టప్ ఫోల్డర్‌లో, కొంత సర్వీసుల్లో, కొంత టాస్క్ షెడ్యూలర్‌లో చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉంటుంది. అయినా మొదట చూడాల్సిన చోటు ఒకటే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ అనే విభాగం ఉంటుంది. 2012లో విండోస్ 8తో వచ్చిన సదుపాయం ఇది. అంతకుముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లోకి వెళ్లి టిక్కులు తీసేవాళ్లం. ఇక్కడ ప్రతి ప్రోగ్రామ్ ఎదురుగా అది మెషీన్ లేచేటప్పుడు ఎంత బరువు వేస్తోందో కూడా రాసి ఉంటుంది. ‘హై’ అని ఉందంటే ప్రాసెసర్ సమయం ఒక సెకను కంటే ఎక్కువ తినేసిందని, లేదా డిస్క్ నుంచి 3 ఎంబీ కంటే ఎక్కువ లాగిందని అర్థం. ఒక్కటే అయితే ఒక్క సెకను, పోనీలే అనుకోవచ్చు. మాస్టారి జాబితాలో 19 ఉన్నాయి.

ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి విచారించాం. మొదటివాడు ప్రింటర్ తాలూకు సహాయకుడు. ఆ ప్రింటర్ పాడైతే మూడేళ్ల కిందట పాత సామాన్లవాడికి వేసేశారు. అదెక్కడో కరిగి బకెట్ అయిపోయి ఉంటుంది. వీడు మాత్రం రోజూ పొద్దున్నే లేచి, ఇంకు ఎంత మిగిలిందో కనుక్కుందామని దానికోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. తరవాత మనవడు సంక్రాంతి సెలవుల్లో వేసి వెళ్లిన ఆటల ప్రోగ్రామ్. 2020లో ఆన్‌లైన్ పాఠాల కోసం దించుకున్న వీడియో కాల్ ప్రోగ్రాములు రెండు. ‘కొత్త వెర్షన్ వచ్చిందా, వచ్చిందా’ అని వాకబు చేయడం తప్ప వేరే ఉద్యోగం లేనివాళ్లు నలుగురు. ల్యాప్‌టాప్‌తో పాటు ఉచితంగా వచ్చి, గడువు తీరి, డబ్బు కట్టమని రోజూ గుమ్మంలో నిలబడే యాంటీవైరస్ ఒకటి. విండోస్ సొంత కాపలా ఎలాగూ ఉంది. దాని పక్కన ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

“వీళ్లందరినీ ఎవడు పిలిచాడోయ్?” అన్నారు మాస్టారు.

“మీరే పిలిచారండీ.”

పేరంటానికి బొట్టు పెట్టి పిలవాలి కదా. ఏ ప్రోగ్రామ్ ఎక్కించుకునేటప్పుడైనా నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, ఫినిష్ అని చకచకా నొక్కుకుంటూ పోతాం. ఆ మధ్యలో ఎక్కడో ఒక చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది, ‘మెషీన్ లేవగానే నేనూ లేస్తాను’ అని. చూడకుండా ఒప్పుకుంటాం. ఎవరి నుదుట పెడుతున్నామో చూడకుండా వీధి వీధంతా బొట్లు పెట్టుకుంటూ వచ్చామన్నమాట. ఇప్పుడు అందరూ ఒకే ముహూర్తానికి వచ్చి గుమ్మంలో ఇరుక్కున్నారు. మెషీన్ ముసలిదైపోయిందని మనం అనుకునే సందర్భాల్లో చాలాసార్లు జరిగింది ఇదే. వయసు కాదు, మొహమాటం.

ఇక్కడ ఆపడం అంటే తీసేయడం కాదు. డిజేబుల్ చేస్తే ఆ ప్రోగ్రామ్ మెషీన్‌లోనే ఉంటుంది, మనం పిలిచినప్పుడే వస్తుంది. యాంటీవైరస్ సంగతి వేరు. అక్కర్లేకపోతే కంట్రోల్ ప్యానెల్ లోంచి పూర్తిగా సాగనంపాలి. ఏది ఆపకూడదో తెలియడమే ఈ పనిలో అసలు కష్టం. ఆ పాఠం నేను అప్రదిష్టపాలై నేర్చుకున్నాను.

పదిహేనేళ్ల పైమాట. బందరు రోడ్డు దగ్గర ఒక చిన్న ప్రెస్‌లో మెషీన్ నెమ్మదిగా ఉందంటే వెళ్లాను. విండోస్ ఎక్స్‌పీ మెషీన్. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, పెద్ద పోటుగాడిలా టిక్కులన్నీ ఒక్కసారే తీసిపారేశాను. మెషీన్ గాలిపటంలా లేచింది. ఆపరేటర్ అమ్మాయి కళ్లు ఇంత చేసుకుంది. కాఫీ తెప్పించారు. మర్నాడు పొద్దున తొమ్మిదికి ఫోన్. “సార్, శ్రీరస్తు కొడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి సార్. పదకొండింటికి శుభలేఖ ప్లేటుకు వెళ్లాలి.” నేను ఆపినవాటిలో తెలుగు కీబోర్డును నడిపే చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంది. ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో వేళ్లు పరిగెత్తే ఆ అమ్మాయి చేతులు కట్టేసినట్టు అయిపోయింది. పైగా ఒక్కసారే అన్నీ తీసేశాను కాబట్టి దేన్ని తీయడం వల్ల ఏం పోయిందో వెంటనే తేల్చుకోలేకపోయాను. అప్పటినుంచి రెండు మూడు చొప్పున ఆపడం, రీస్టార్ట్ చేయడం, రాసుకోవడం. టచ్‌ప్యాడ్, సౌండ్, విండోస్ సెక్యూరిటీ, తెలుగు కీబోర్డు, వీటి జోలికి పోను. పేరు చూస్తే ఏమిటో తెలియనిదాన్ని తెలిసేదాకా ఆపను.

మాస్టారివి 13 ఆపాం. వర్డ్‌లో అక్షరం పడే సమయం 3 నిమిషాల 40 సెకన్లకు దిగింది. రూపాయి ఖర్చు లేకుండా.

ఈ కాసిన్ని నిమిషాలకు ఇంత యాగీ ఏమిటని అడిగేవాళ్లకు నేను 1983 నాటి ముచ్చట ఒకటి చెబుతుంటాను. ఆపిల్ కంపెనీలో మెకింతోష్ తయారవుతున్న రోజులు. మెషీన్ లేవడానికి చాలాసేపు పడుతోందని స్టీవ్ జాబ్స్ ఇంజనీర్ లారీ కెన్యన్ దగ్గరకు వెళ్లి, పది సెకన్లు తగ్గించమన్నాడు. 50 లక్షల మంది రోజూ వాడితే రోజుకు 5 కోట్ల సెకన్లు మిగులుతాయని, ఏడాది తిరిగేసరికి అవి డజన్లకొద్దీ మనుషుల జీవితకాలాలు అవుతాయని, పది సెకన్లు తగ్గిస్తే ప్రాణాలు కాపాడినట్టేనని వాదన. ఆ బృందంలోనే పనిచేసిన ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ ఈ సంగతి తరవాత రాశాడు. నిజంగానే పది సెకన్ల పైన తగ్గించారట.

మాస్టారు ఇది విని కాగితం తీసుకున్నారు. “5 కోట్లు ఇంటూ 365 అంటే 1,825 కోట్ల సెకన్లు. మనిషికి 70 ఏళ్లు వేసుకుంటే సుమారు 220 కోట్ల సెకన్లు. భాగిస్తే ఎనిమిదీ చిల్లర. డజన్లెక్కడివోయ్, ఒక్క డజను కూడా లేదు” అన్నారు. లెక్క తప్పినా మాట గట్టిదే. ఎనిమిది ప్రాణాలు తక్కువా?

ఈ లెక్కకంటే నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. 2008 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్ అనే సభ జరిగింది. ఇంటెల్ ఇంజనీర్లు ఆర్యన్ వాన్ డి వెన్, ఆకీ కాక్ అక్కడ ఈఈఈ పీసీ అనే చిట్టి ల్యాప్‌టాప్‌ను ఐదు సెకన్లలో లేపి చూపించారు. వాళ్లు ‘వేగం పెంచుదాం’ అనుకోలేదు. ఐదు సెకన్లే ఉన్నాయి, ఎవరికెంత అని పంచారు. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌కు ఒకటి, తొలి సర్వీసులకు ఒకటి, తెర మీద బొమ్మ రావడానికి ఒకటి, డెస్క్‌టాప్‌కు రెండు. ఒకటో తారీఖున జీతం కవర్లలో పెట్టి పాలవాడికింత, అద్దెకింత అని పంచే ఇల్లాలి లెక్క అది. అప్పు పుట్టదని తెలిస్తేనే ఖర్చు ఆగుతుంది.

సరే, మాస్టారి దగ్గరకు వద్దాం. 3 నిమిషాల 40 సెకన్లు కూడా ఎక్కువే. టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్ అనే విభాగం ఉంది. ఏదీ ఆపకముందే అక్కడ ప్రాసెసర్ దగ్గర ‘అప్ టైమ్’ చూశాను, 23 రోజులని ఉంది.

“అబద్ధం. నేను రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటాను” అన్నారు మాస్టారు, కొంచెం నొచ్చుకుని.

ఆయన చెప్పిందీ నిజమే, మెషీన్ చెప్పిందీ నిజమే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. మనం షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ కెర్నెల్ పూర్తిగా పడుకోదు. తన స్థితినంతా డిస్క్ మీద ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుని, పొద్దున్నే దాన్నే చదువుకుని లేస్తుంది. మొదటినుంచీ అన్నీ సర్దుకునే పని తప్పుతుంది కాబట్టి తొందరగా లేస్తుంది. కాకపోతే ఏదైనా డ్రైవర్‌కు పట్టిన తిక్క కూడా అలాగే మర్నాటికి మిగిలిపోతుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కడుక్కుని కొత్తగా మొదలవుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ సంగతి ఇదే. వారానికోసారి రీస్టార్ట్ చేయండి చాలు. హార్డ్‌డిస్క్ ఉన్న పాత మెషీన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఉంచుకోవడమే మంచిది.

ఇక అసలు రోగం. డిస్క్ గీత 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, ర్యామ్‌లోనూ ఇంకా చోటుంది. డిస్క్ ఒక్కటే రొప్పుతోంది.

ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ లోపల అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ ఊగుతూ చదువుతుంది. పాత తాలూకా ఆఫీసు రికార్డు రూమును ఊహించుకోండి. ఒకడే అటెండరు. ఏ కాగితం కావాలన్నా వాడే నిచ్చెన జరుపుకుని, ఎక్కి, తీసి ఇవ్వాలి. వెయ్యి పేజీల కట్ట ఒక్కటే తెమ్మంటే చిటికెలో తెస్తాడు. వెయ్యి చోట్ల నుంచి ఒక్కో కాగితం తెమ్మంటే వాడి ప్రాణం పోతుంది. కంప్యూటర్ లేవడం అంటే వేల చోట్ల నుంచి ఒక్కో కాగితం.

మాస్టారికి ఇక్కడ హుషారొచ్చింది. పెన్సిల్ తీశారు. నిమిషానికి 5,400 అంటే సెకనుకు 90 చుట్లు, చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చేతి కిందికి వచ్చేందుకు సగటున సగం చుట్టు, అంటే ఐదున్నర. చెయ్యి జరగడానికి ఒక పన్నెండు వేసుకోమన్నాను. మొత్తం పదిహేడున్నర. అంటే సెకనుకు 57 కాగితాలు, అంతే. మెషీన్ లేచేటప్పుడు 20 వేల కాగితాలు కావాలనుకుంటే దాదాపు ఆరు నిమిషాలు! ఆయన పాత నోటు పుస్తకంలోని 6 నిమిషాల 20 సెకన్లను చూసి, కాగితాన్ని చూసి, నన్ను చూసి నవ్వారు. నిజానికి విండోస్ అంత అమాయకురాలేం కాదు. 2001లో ఎక్స్‌పీ నాటినుంచే రోజూ ఏయే కాగితాలు అడుగుతామో గుర్తుపెట్టుకుని, వాటిని ముందే వరసలో తెప్పించుకుంటుంది. అందుకే ఈ లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు. కానీ రోగం ఎక్కడుందో చెప్పడానికి చాలు.

హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, ఊగే చెయ్యి లేదు. ఏ కాగితమైనా మిల్లీసెకనులో పదో వంతులో చేతికొస్తుంది. అదే 20 వేల కాగితాలకు రెండు సెకన్లు. ఇన్నేళ్లలో నేను చూసిన వైద్యాలన్నిటిలో ఇంత గుణమిచ్చింది ఇంకొకటి లేదు. ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో పదో వంతు లోపే తేలింది.

మర్నాడు మాస్టారు ఎస్ఎస్‌డీ తెచ్చారు. ముందు ఆయన ఫొటోలు, పెన్షన్ కాగితాలు, వంశవృక్షం ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీశాం. ఆ తరవాతే మిగతా పని. ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ వైరుతో తగిలించి, పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు దానిలోకి క్లోన్ చేయడానికి పెట్టి భోజనానికి లేచాం. కునుకు తీసి వచ్చేసరికి అయిపోయింది. ల్యాప్‌టాప్ అడుగున 11 స్క్రూలు. అన్నీ ఒక పొడుగువి కావు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల బోర్డుకు గుచ్చుకుంటుంది. అందుకని అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ చోటే గుచ్చుతాను. బ్యాటరీ కనెక్టర్ పీకి, డిస్క్ మార్చి, మళ్లీ బిగించాం. డెస్క్‌టాప్ 16 సెకన్లు. వర్డ్‌లో అక్షరం పడేసరికి 24. మాస్టారు నమ్మక ఇంకో రెండుసార్లు కొలిచారు.

ఊళ్లో చలామణీలో ఉన్న చిట్కాల గురించి ఒక్క మాట. డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి రిఫ్రెష్, రిఫ్రెష్ అని పదిసార్లు కొట్టే అలవాటు మనవాళ్లకు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, అది ఐకాన్లను మళ్లీ గీయడం తప్ప ఏమీ చేయదు. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే, పాపం విండోస్ గుర్తుపెట్టుకున్న వరసంతా పోయి, తరవాతిసారి ఇంకా ఆలస్యమవుతుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య మార్చమనే చిట్కా ఉత్తదే. మార్చకపోయినా అన్ని కోర్లూ వాడుకుంటుంది. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములను అసలు గడప తొక్కనివ్వకండి. చాలావరకు అవే ఆ స్టార్టప్ జాబితాలో ఇరవయ్యో పేరంటాలుగా వచ్చి కూర్చుంటాయి.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. మాస్టారిది 2017 నాటి మెషీన్. దాని ప్రాసెసర్ విండోస్ 11కు పనికొచ్చేవాటి జాబితాలో లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లవాళ్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయన్నారు, నమోదు చేయించాను. ఆ తరవాత విండోస్ బదులు లినక్స్ మింట్ వేద్దామని ఆయనకు ఇప్పటినుంచే నూరిపోస్తున్నాను. ఉత్తరాలు, బ్యాంకు పని, అమెరికాలో ఉన్న కూతురితో వీడియో మాటలు, ఇంతకుమించి ఆయనకేం కావాలి? పాత డీటీపీ ఫాంట్లతో బతికేవాళ్లకు మాత్రం ఆ దారి అంత సులువు కాదు, వాళ్లను తొందరపెట్టను.

ఈ వారం మీ ఇంట్లోని మెషీన్‌కు గడియారం పెట్టి చూడండి. రెండు సమయాలు రాసుకోండి. ఆ తరవాత స్టార్టప్ జాబితా తెరిచి ఒక్కొక్క పేరూ చదవండి, అది ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకోండి. డిస్క్ మార్చాలనుకుంటే మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మీ ఫొటోలు, కాగితాలు వేరే చోట ఒక కాపీ తీసి పెట్టుకోండి. కాపీ తీశాక అందులోంచి ఒక ఫొటో తెరిచి చూసి మరీ మొదలుపెట్టండి.